తీరిక లేని వారంలో ఒక మౌన ఘడియ: క్వేకర్ బడులు నేర్పే పర్యావరణ పాఠం

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో, సముద్రమట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తున, మోంటెవెర్డే అనే కొండ ఊరు ఉంది. మబ్బు నేలమీదికి దిగివచ్చి చెట్ల నడుమ నుంచి సాగిపోయే చోటు అది. ఆ ఊళ్ళోని ఫ్రెండ్స్ స్కూలులో వారం మధ్యలో ఒక ఉదయం పాఠాలు ఆగిపోతాయి. పిల్లలు, ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు ఒక సాదా సమావేశ మందిరంలో చేరి బల్లల మీద కూర్చుంటారు. పూజారి ఉండరు, ప్రార్థన గీతం ఉండదు, ముందుగా సిద్ధం చేసిన ప్రసంగమూ ఉండదు. ఎవరికైనా లోపలి నుంచి ఒక మాట పుడితే లేచి నాలుగు వాక్యాలు చెప్పి కూర్చుంటారు. ఎవరికీ పుట్టకపోతే ఆ సమయమంతా మౌనంగానే గడిచిపోతుంది.

జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం, ఆ ముందూ వెనుకా వారోత్సవాలు మన బడులకు కొత్త కావు. క్వేకర్ల ఆధ్వర్యంలో నడిచే పాఠశాలల్లోనూ ఇటువంటి వారాలు ఉంటాయి. అవి నిజంగా తీరిక లేని వారాలే. భోజనశాలలో పారవేసిన అన్నాన్ని తూకం వేయడం, మొక్కలు నాటడం, కారులో కాకుండా నడిచి బడికి రావడం, పొట్టివైపోయిన దుస్తులను ఒకరితో ఒకరు మార్చుకోవడం, చెరువు నీటిలో బతికే పురుగులను లెక్కపెట్టడం, సాయంత్రం నాటకం, మరునాడు చర్చ. ఈ జాబితాలో మన ఊరి బడిలో చేయలేనిది ఏదీ లేదు. ఇంత హడావుడి మధ్య కూడా ఆ మౌన సమావేశాన్ని రద్దు చేయకపోవడమే అక్కడి తేడా. కార్యక్రమాలు ఎక్కువైనప్పుడు మనం మొదట తీసివేసేది ఖాళీ సమయాన్నే. వారు దానిని పట్టికలో అలాగే ఉంచుతారు.

ఈ అలవాటుకూ పర్యావరణ స్పృహకూ సంబంధం ఏమిటన్నది ఈ వ్యాసంలో చూద్దాం. ఆ సంబంధం ఎంతవరకు పనిచేసిందో, ఎక్కడ చేతులెత్తేసిందో కూడా మోంటెవెర్డే కథలోనే ఉంది. దానికి ముందు క్వేకర్ల గురించి కొంత చెప్పుకోవాలి.

మతపీఠం లేని మతం

17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండు అంతర్యుద్ధంతో, మత కలహాలతో అట్టుడుకుతున్న కాలంలో జార్జ్ ఫాక్స్ అనే యువకుడు ఊరూరా తిరుగుతూ ఒక మాట చెప్పాడు. దైవకాంతి ప్రతి మనిషిలోనూ ఉందని, దానిని వినడానికి మధ్యవర్తి అవసరం లేదని ఆయన బోధ. ఆయన వెంట నడిచినవారు తమను తాము మిత్రులు అని పిలుచుకున్నారు. ఇతరులు వారిని ఎగతాళిగా 'వణికేవారు' అనే అర్థంలో క్వేకర్లు అన్నారు. ఎగతాళి పేరే నిలిచింది. వారి బడుల పేర్లలో ఫ్రెండ్స్ అనే మాట కనిపించడానికి కారణం ఇదే.

వీరికి ఇతర క్రైస్తవ శాఖల వలె గట్టి సిద్ధాంత గ్రంథం లేదు. ఆచరణ సూత్రాలు మాత్రం ఉన్నాయి. అమెరికాలోని క్వేకర్ బడులు వాటిని పిల్లలకు గుర్తుండేలా ఒక మాటగా కూర్చాయి. సింప్లిసిటీ, పీస్, ఇంటెగ్రిటీ, కమ్యూనిటీ, ఈక్వాలిటీ, స్టీవార్డ్‌షిప్ అనే ఆరింటి మొదటి అక్షరాలు కలిపితే స్పైసెస్, అంటే మసాలా దినుసులు. నిరాడంబరత, శాంతి, నిజాయితీ, సహజీవనం, సమానత్వం, చివరిది భూమిని సొంత ఆస్తిగా కాక అప్పగింతగా చూసుకోవడం. ఈ చివరి సూత్రానికి ఇప్పుడున్నంత ప్రాధాన్యం మొదటి నుంచీ లేదు. నిరాడంబరతే పాతది. అవసరానికి మించి వాడకూడదన్న నియమం మూడు శతాబ్దాలకు పైగా ఉంది. వాతావరణ మార్పు గురించి లోకానికి తెలిశాక ఆ నియమానికి కొత్త అర్థం వచ్చింది. బ్రిటన్ క్వేకర్లు 2011లో కాంటర్‌బరీలో జరిగిన తమ వార్షిక సమావేశంలో, సమాజం మొత్తంగా కర్బన ఉద్గారాలను తగ్గించుకుంటామని నిర్ణయం తీసుకున్నారు.

బడుల చరిత్రలో మరొక విశేషం ఉంది. ఇంగ్లండులో 1871 చట్టం వచ్చేవరకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల తలుపులు అధికార చర్చికి చెందనివారికి పూర్తిగా తెరుచుకోలేదు. మరోవైపు సంగీతం, నాటకం, నవలా పఠనం వంటివి పాతకాలపు క్వేకర్ పెద్దలకు గిట్టేవి కావు. పిల్లలకు మిగిలిన వినోదం ఏమిటి? పొలాలు, పువ్వులు, పురుగులు, పక్షులు. నిషేధాల మధ్య మిగిలిన ఆ సందులోంచే ప్రకృతి శాస్త్రం క్వేకర్ బడుల్లోకి వచ్చిందని చెప్పవచ్చు. ఆక్‌వర్త్ పాఠశాలను 1779లో స్థాపించిన జాన్ ఫోథర్‌గిల్ పేరున్న వైద్యుడు మాత్రమే కాదు, దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచిన వృక్షప్రేమికుడు కూడా.

యార్క్ నగరంలోని బూథమ్ పాఠశాల 1823లో మొదలైంది. అక్కడి విద్యార్థులు 1834లో ప్రకృతి పరిశీలన సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. బ్రిటన్ పాఠశాలల్లో ఈ తరహా సంఘాల్లో అదే అతి పాతదని చెబుతారు. పిల్లలు తాము చూసినదానిని తేదీతో సహా రాయడం ఆ సంఘాల పద్ధతి. ఏ పక్షి ఏ రోజున కనిపించింది, ఏ పువ్వు ఎప్పుడు విచ్చింది అన్నది తప్ప దాని మీద వ్యాఖ్య అక్కర్లేదు.

ఆ బడిలో చదివిన ఇద్దరి సంగతి మన శ్రోతలకు ఆసక్తి కలిగిస్తుంది. ఒకరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. గణిత సమీకరణాలతో రేపటి వాతావరణాన్ని లెక్కకట్టవచ్చని 1922లో గ్రంథం రాసినవారు ఆయనే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించి, ఫ్రాన్సులో క్షతగాత్రులను మోసే వాహనం నడుపుతూ ఆ లెక్కలు చేశారు. ఆకాశవాణి వార్తల చివర వినిపించే వాతావరణ సూచన వెనుక ఉన్న పద్ధతికి మూలం అక్కడే ఉంది.

రెండవవారు హొరేస్ అలెగ్జాండర్. బూథమ్‌కు వచ్చేనాటికే ఆయనకు పక్షులంటే మక్కువ. 1928లో గాంధీజీని కలిశారు. 1947 ఆగస్టులో, దేశమంతా స్వాతంత్ర్య వేడుకల్లో మునిగి ఉండగా, కలకత్తాలో మత కల్లోలాల నడుమ ఉన్న గాంధీజీ పక్కన ఉన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. 1950లో ఢిల్లీ పక్షి పరిశీలకుల సంఘం స్థాపనలో ముఖ్యపాత్ర వహించారు. భారత ప్రభుత్వం 1984లో పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. నూరేళ్ళు జీవించిన ఈ మనిషి ఒక చేత శాంతి పనినీ, మరొక చేత బైనాక్యులర్లనూ వదలలేదు. ఆ రెండూ వేరువేరు పనులని ఆయన అనుకున్నట్టు లేదు.

గోడలే పాఠ్యపుస్తకాలైన చోట

కాలంతో పాటు బడులు మారాయి. వాషింగ్టన్‌లోని సిడ్వెల్ ఫ్రెండ్స్ స్కూలు పేరు అమెరికా మాజీ అధ్యక్షుడు ఒబామా కుమార్తెలు చదివిన బడిగా చాలామందికి తెలుసు. 1883లో ప్రారంభమైన ఆ పాఠశాల 2006లో తన మాధ్యమిక పాఠశాల భవనాన్ని పునర్నిర్మించింది. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినమ్ గుర్తింపు పొందిన తొలి అమెరికా పాఠశాల భవనం అది. బయటి గోడలకు వాడిన చెక్క, పాత ద్రాక్షసారా పీపాల నుంచి తీసినది. ముంగిట పూలతోట ఉండవలసిన చోట మెట్లు మెట్లుగా కట్టిన చిత్తడి నేల ఉంది. భవనంలో వాడిన మురుగునీరు రెల్లు, తుంగ వంటి మొక్కల వేళ్ళ గుండా మెల్లగా పారుతుంది. ఆ వేళ్ళను అంటి ఉండే సూక్ష్మజీవులు మురికిని తినివేస్తాయి. శుభ్రపడిన నీరు తిరిగి మరుగుదొడ్లకే వెళుతుంది.

తాను వదిలిన నీరు ఎక్కడికి పోతుందో రోజూ కళ్ళెదుట చూసే పిల్లవాడికి నీటి పొదుపు మీద వ్యాసరచన పోటీ పెట్టనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. బూథమ్, సిడ్వెల్ వంటివి భారీ రుసుములు వసూలు చేసే బడులు. సమానత్వాన్ని ఆరు సూత్రాల్లో ఒకటిగా చెప్పుకునే సమాజం ధనవంతుల పిల్లలు ఎక్కువగా చదివే బడులు నడపడం ఏమిటన్న ప్రశ్న క్వేకర్లలోనే చాలాకాలంగా ఉంది. ఉపకార వేతనాలు ఇస్తున్నామన్న జవాబు సగం జవాబే. అయితే ఖరీదైన భవనం లేకుండా, దాదాపు ఏమీ లేకుండా అదే పద్ధతిని అమలు చేసిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది.

రసూలియా నుంచి పదహారు బడులకు

మధ్యప్రదేశ్‌లో నర్మదా తీరాన, నేడు నర్మదాపురం అని పిలుస్తున్న హోషంగాబాద్ పట్టణంలో 19వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి ఇంగ్లండు క్వేకర్లు పనిచేశారు. పట్టణం పక్కనే ఉన్న రసూలియాలో వారి గ్రామీణ కేంద్రం ఏర్పడింది. మద్రాసుకు 1928లో ఉపాధ్యాయినిగా వచ్చి, శాంతినికేతన్‌లోనూ, సేవాగ్రామ్‌లో గాంధీజీ నయీ తాలీమ్ బడిలోనూ పనిచేసిన మార్జొరీ సైక్స్ తరువాతి కాలంలో ఇక్కడే నివసించారు. ఈ కేంద్రమూ, కిశోర్ భారతి అనే సంస్థా కలిసి 1972లో జిల్లాలోని 16 ప్రభుత్వ మాధ్యమిక బడుల్లో సైన్సు బోధనను మార్చే ప్రయత్నం మొదలుపెట్టాయి.

ఆ పథకంలో పాఠం చదివి అప్పగించడం లేదు. నలుగురేసి పిల్లలు ఒక జట్టుగా కూర్చుని ప్రయోగం చేయాలి. చవకైన సామగ్రి ఉన్న పెట్టె ఒకటి బడికి ఇచ్చేవారు. మిగిలినది ఊరే ఇచ్చేది. ఆకులు, వేళ్ళు, గింజలు, మట్టి, వాగు నీరు. పిల్లలు పొలాలకు వెళ్ళి ఆకుల ఈనెలు చూసి, వేళ్ళు పెకలించి చూసి, రెండింటికీ ఉన్న సంబంధం తామే కనిపెట్టాలి. పరీక్షలో పుస్తకం తెరిచి రాయవచ్చు, ఎందుకంటే జవాబు పుస్తకంలో ఉండదు. సందేహాలు సవాలీరామ్ అనే కల్పిత పాత్రకు ఉత్తరాలుగా రాసేవారు. జవాబులు తిరుగు టపాలో వచ్చేవి. 1978 నాటికి ఈ పద్ధతి జిల్లా అంతటికీ, ఆ తరువాత ఏకలవ్య సంస్థ ఆధ్వర్యంలో మరికొన్ని జిల్లాలకూ విస్తరించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దానిని నిలిపివేసింది.

ఈ పథకాన్ని క్వేకర్ పథకం అనడం సరికాదు. శాస్త్రవేత్తలు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు, ముఖ్యంగా ప్రభుత్వ బడుల మాస్టార్లు దానిని నడిపారు. అయినా ఎవరో చెప్పారని నమ్మకుండా, స్వయంగా చూసి తేల్చుకోవాలన్న పట్టుదల రెండింటికీ సామాన్యం.

తెలుగు నేల మీద దీనికి దగ్గరగా తోచేది మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ. అది క్వేకర్ బడి కాదు, జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే విద్యాలయం. అక్కడ పిల్లలు సాయంత్రం ఒకచోట చేరి, మాట లేకుండా సూర్యాస్తమయం చూస్తారు. దానికి అస్తాచల్ అని పేరు. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ లోయలో చెట్లు పెంచి, పక్షులను తరతరాలుగా లెక్కించి, పక్షి సంరక్షణ ప్రాంతంగా నిలబెట్టారు. ఇరువురిలో ఎవరూ ఎవరిని చూసీ నేర్చుకోలేదు. మౌనంగా కూర్చునే అలవాటు ఉన్నచోట పక్షుల లెక్క పుస్తకం కూడా ఉండడం మాత్రం గమనించదగ్గది.

మన వారోత్సవాల చరిత్ర కూడా తక్కువదేమీ కాదు. కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా కె.ఎం. మున్షీ 1950లో ప్రారంభించిన వనమహోత్సవం నేటికీ జూలై తొలివారంలో జరుగుతోంది. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. అమలు అంతంతమాత్రంగా ఉండడంతో 2003లో మరోసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది. 2001-02 నుంచి జాతీయ హరిత దళం పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లోనూ ఎకో క్లబ్బులు ఉన్నాయి. 2024 జూన్ 5న ప్రధాని తల్లి పేరిట ఒక మొక్క ఉద్యమాన్ని ప్రారంభించారు. ఆదేశాలకు, పథకాలకు కొరత లేదు.

ఈ వ్యాసకర్త చదువుకున్న ఊరి హైస్కూలులో ఏటా వనమహోత్సవానికి పిల్లలే గుంతలు తవ్వేవారు. మూడేళ్ళ వరుసలో తవ్విన గుంత ఒక్కటే. నిరుడు నాటిన మొక్క వేసవిలో ఎండిపోతే, గుంత మాత్రం ఈ ఏటికి సిద్ధంగా ఉండేది. మొక్క ఎందుకు ఎండిందని ఎవరూ అడిగిన గుర్తు లేదు. అడిగి, తేదీ వేసి రాసి ఉంటే రెండో ఏడు అదే చోట నాటేవాళ్ళం కాదేమో.

అడవిని కాపాడిన ఊరు, కాపాడలేని కప్ప

తిరిగి మోంటెవెర్డే దగ్గరికి వద్దాం. ఆ ఊరు పుట్టుకే ఒక నిరాకరణతో మొదలైంది. అమెరికాలోని అలబామా రాష్ట్రం, ఫెయిర్‌హోప్‌కు చెందిన నలుగురు క్వేకర్ యువకులు సైనిక జాబితాలో పేరు నమోదు చేసుకోవడానికి ఒప్పుకోక 1949లో జైలుకు వెళ్ళారు. యుద్ధ సన్నాహాలకు పన్ను కట్టే దేశంలో ఉండడం ఎందుకని అక్కడి కొన్ని కుటుంబాలు ఆలోచనలో పడ్డాయి. 1948 డిసెంబరులో సైన్యాన్నే రద్దు చేసుకున్న కోస్టారికా వారికి కనిపించింది. 40 మందికి పైగా మనుషులు 1951 నాటికి ఆ కొండకు చేరి, పచ్చని కొండ అనే అర్థంలో మోంటెవెర్డే అని పేరు పెట్టుకున్నారు. అదే ఏడాది బడి తెరిచారు.

వారు పర్యావరణవేత్తలుగా రాలేదు. పాడి రైతులుగా వచ్చారు. పశువుల మేత కోసం అడవిని నరికారు. రోడ్డు సరిగా లేని కొండ మీద నుంచి పాలు దింపలేక జున్ను తయారీ మొదలుపెట్టారు. ఈ సంగతి దాచిపెట్టి, వారిని మొదటి నుంచీ అడవికి కాపరులుగా చూపే కథనాలు ప్రయాణికుల కరపత్రాల్లో కనిపిస్తుంటాయి. అవి పూర్తి నిజం కాదు.

అయితే ఒక పని మాత్రం చేశారు. కొన్న భూమిలో దాదాపు మూడోవంతును, 554 హెక్టార్లను, ఎవరికీ పంచకుండా కొండ పైభాగాన వదిలేశారు. కారణం సౌందర్యం కాదు, నీరు. ఊరికి నీళ్ళు, చిన్న జలవిద్యుత్ యంత్రానికి ప్రవాహం అక్కడి నుంచే రావాలి. పైన అడవి పోతే కింద వాగు ఎండుతుందన్నది రైతులకు తెలిసిన లెక్క.

ఆ లెక్క ఎంత సరైనదో తరువాత శాస్త్రవేత్తలు వివరించారు. కరీబియన్ సముద్రం మీదుగా వచ్చే తడిగాలులు కొండను తాకి పైకి ఎక్కుతూ చల్లబడి మబ్బుగా మారుతాయి. ఆ మబ్బు అడవిలోకి దూరినప్పుడు ఆకులు, కొమ్మలు, కొమ్మలను పట్టి పెరిగే నాచు, ఆర్కిడ్లు, ఫెర్న్ మొక్కలు దానిని దువ్వెనలా దువ్వి నీటిబొట్లుగా రాలుస్తాయి. వాన కురవని నెలల్లో కూడా నేల తడుస్తుంది. చెట్టు నరికితే మబ్బు ఆగదు, అలాగే దాటిపోతుంది. అందుకే ఇటువంటి అడవిని మేఘారణ్యం అంటున్నారు.

1972లో జార్జ్ పవెల్ అనే యువ జీవశాస్త్ర విద్యార్థి, అక్కడి క్వేకర్ రైతు విల్‌ఫోర్డ్ గ్విండన్ కలిసి పక్కనున్న అడవిని రక్షించే పని తలకెత్తుకున్నారు. ఒకప్పుడు చెట్లు నరికిన రంపం చేతులే తరువాత అడవిలో గస్తీ దారులు వేశాయి. ఊరి వారు వదిలిన 554 హెక్టార్లను కూడా కొద్ది సంవత్సరాల్లో ఈ రక్షిత వనానికి కౌలుకు ఇచ్చారు. నేడు అది నాలుగు వేల హెక్టార్లకు పైబడిన మేఘారణ్యం.

1987లో ఈ కథలోకి మరో బడి వచ్చింది. స్వీడన్‌లోని ఒక చిన్న గ్రామీణ బడిలో ఈహా కెర్న్ అనే ఉపాధ్యాయిని ఉష్ణమండల అడవుల నాశనం గురించి చెబుతుంటే, తొమ్మిదేళ్ళ రోలాండ్ టియెన్సూ మనమేం చేయగలం, ఆ అడవిని కొనేయలేమా అని అడిగాడు. మోంటెవెర్డేలో పరిశోధన చేసిన ఒక జీవశాస్త్రవేత్త ఆ బడికి వచ్చి అడవి చిత్రాలు చూపారు. పిల్లలు నాటకాలు వేశారు, ఇంట్లో చేసిన వస్తువులు అమ్మారు, డబ్బు పంపారు. సంగతి ఇతర దేశాలకు పాకి, 44 దేశాల పిల్లలు చందాలు వేశారు. ఆ సొమ్ముతో మొదలైన 'పిల్లల శాశ్వత వర్షారణ్యం' నేడు దాదాపు 23 వేల హెక్టార్లు. కోస్టారికాలో అంత పెద్ద ప్రైవేటు రక్షిత వనం మరొకటి లేదు. టీచరుకూ, అబ్బాయికీ కలిపి 1991లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది.

ఇక్కడితో కథ ఆపితే వారోత్సవ ప్రసంగానికి సరిపోతుంది. కానీ ఆ 1987లోనే అదే అడవిలో మరొకటి జరిగింది.

మోంటెవెర్డే కొండ శిఖరం మీద కొద్ది చదరపు కిలోమీటర్ల మేర, ప్రపంచంలో మరెక్కడా లేని ఒక కప్ప ఉండేది. మగకప్ప ఒళ్ళంతా మెరిసే నారింజ బంగారు రంగు. ఏడాదిలో కొద్దివారాలు మాత్రమే, వేసవి చివరి జల్లులకు నిండిన చిన్న గుంటల దగ్గర వందలుగా పోగయ్యేవి. తక్కిన కాలమంతా నేల అడుగున ఎక్కడో దాక్కునేవి. 1987లో పరిశోధకురాలు మార్తా క్రంప్ ఆ గుంటల దగ్గర 1,500కు పైగా కప్పలను లెక్కించారు. గుంటలు వెంటనే ఎండిపోవడంతో పెట్టిన గుడ్లలో దాదాపు అన్నీ చనిపోయాయి. మరుసటి ఏడు అదే చోట కనిపించింది ఒక్కటి. 1989 మే 15న మరొక్క మగకప్ప. ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2004లో దానిని అంతరించిన జీవుల జాబితాలో చేర్చింది.

ఆ కప్ప పోయినది రక్షిత వనంలోనే. కంచె చెక్కుచెదరలేదు. చుట్టుపక్కల 30 చదరపు కిలోమీటర్లలో ఉండిన 50 కప్ప జాతుల్లో 20 ఇంచుమించు అదే కాలంలో మాయమయ్యాయి.

కారణం ఏమిటన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదం ఉంది. మోంటెవెర్డేలో ఏళ్ళ తరబడి పనిచేసిన అలన్ పౌండ్స్ బృందం 1999లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. 1970ల మధ్య నుంచి ఎండాకాలంలో మంచు పట్టని రోజులు పెరుగుతున్నాయని, సముద్రం వేడెక్కే కొద్దీ మబ్బు కట్టే ఎత్తు పైకి జరుగుతోందని వారి అంచనా. మైదానంలో ఉండే కొన్ని పక్షులు కొండ మీదికి వచ్చి గూళ్ళు కట్టడాన్ని కూడా వారు గమనించారు. 2010లో చెట్ల కాండాల్లోని ఆనవాళ్ళను పరీక్షించిన మరో బృందం, 1986-87 కరువుకు ప్రధాన కారణం ఎల్‌నినో అని, దీర్ఘకాలిక వేడిమి కాదని తేల్చింది. కప్పల చర్మాన్ని పట్టి చంపే కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచమంతటా కప్పలను తుడిచిపెట్టిన సంగతి తరువాత బయటపడింది. ఎండా, తెగులూ కలిసి దెబ్బతీశాయన్నది చాలామంది ఒప్పుకునే మాట. ఎవరి వాటా ఎంతన్నది తేలలేదు.

అలా వాదించుకోగలగడానికి కూడా ఒక ఆధారం కావాలి. ఆ ఊరిలో రోజువారీ వాన, మంచు లెక్కలు ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి రాసిపెట్టారు కాబట్టే మబ్బు జరిగిందా లేదా అన్న ప్రశ్న పుట్టింది. రాయని చోట కప్ప పోయినట్టు కూడా తెలిసేది కాదు.

మోంటెవెర్డే పిల్లలకు ఈ కథ పుస్తకంలోది కాదు. వారి తాతలు ఆ కప్పను చూసినవారు. తమ అడవి చూడడానికి విమానాల్లో వచ్చే పర్యాటకుల మీదే తమ ఊరి బతుకు ఆధారపడి ఉందని, అవే విమానాలు వదిలే పొగ మబ్బును పైకి నెట్టే కారణాల్లో ఒకటని కూడా వారికి తెలుసు. దీనికి బడిలో చెప్పే సులువైన జవాబు లేదు. మౌన సమావేశంలో పిల్లలు మోయవలసిన ప్రశ్నల్లో ఇదీ ఒకటని ఊహించవచ్చు.

చేతిలో ఉన్న పని మాత్రం సాగుతోంది. మూడు తోలు తోకలు ముక్కు దగ్గర వేలాడే గంటపక్షి అక్కడ ఉంది. దాని కూత గుడిగంట మోగినట్టు చాలా దూరం వినిపిస్తుంది. అది కొండ మీద గుడ్లు పెట్టి, ఏడాదిలో కొంతకాలం కిందికి, తీరం వైపు వలస పోతుంది. కొండ మీద అడవి ఎంత భద్రంగా ఉన్నా, మధ్య దారిలో తిండిపెట్టే అడవి అవకాడో చెట్లు లేకపోతే దానికి బతుకు లేదు. అందుకే పాడి రైతుల పొలాల గట్ల మీద గాలిని ఆపే చెట్ల వరుసలు పెంచారు. గాలి తగ్గితే ఆవులు పాలు ఎక్కువ ఇస్తాయి, చెట్లు పక్షికి దారి అవుతాయి. కొండ నుంచి నికోయా సింధుశాఖ వరకు ఈ దారిని కలపాలన్న ప్రయత్నానికి ఆ పక్షి పేరే పెట్టారు.

కప్పల కోసం వెతుకులాట కూడా ఆగలేదు. ఇస్త్‌మోహైలా రివ్యులారిస్ అనే చిన్న చెట్టుకప్ప, బంగారు కప్పతో పాటే పోయిందని రెండు దశాబ్దాల పాటు అనుకున్నారు. 2007లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ గ్రే మోంటెవెర్డే అడవిలో ఒక మగకప్పను చూశారు. మరుసటి ఏడాది అదే అడవిలో ఆడకప్ప కూడా దొరికింది.